నీళ్లు నేపాల్ వదిలితే వచ్చినవి కావు

వానాకాలం మొదలైందంటే చాలు, బీహార్ నాయకుల నోటా పాట్నా పత్రికల మొదటి పేజీల్లోనూ ఒకటే మాట: నేపాల్ నీళ్లు వదిలింది. సరిహద్దు దాటి అటు వెళ్తే ఇంకో మాట: ఇండియా గేట్లు ఎత్తలేదు, మేం మునిగాం. దశాబ్దాలుగా వినీ వినీ ఈ రెండు మాటలూ నిజాలైపోయాయి. వీటిలో దేశాలున్నాయి, ప్రభుత్వాలున్నాయి, గేట్లున్నాయి. మునిగిన ఇంట్లోంచి పిల్లను చంకనేసుకుని కరకట్ట ఎక్కిన మనిషి మాత్రం లేదు. ఆమె నిలబడిన చోట నిలబడి చూస్తే ఈ రెండు మాటలూ ఎవరికి పనికొస్తున్నాయో తెలుస్తుంది.

అంత దూరపు నదుల గురించి మన పత్రికలో ఎందుకని స్నేహితులు కొందరు అడిగారు. కోసీ ఎక్కడ, గోదావరి ఎక్కడ అన్నారు. మన ఊళ్లలో అపార్టుమెంట్లు కట్టేచోట, రైసు మిల్లుల్లో, తుక్కు గోదాముల్లో పనిచేస్తున్న బీహారు పిల్లలు ఏ జిల్లా నుంచి వచ్చారో మనం ఎప్పుడైనా అడిగామా? 2022 మార్చి 23న సికింద్రాబాద్ బోయిగూడలో గోదాము తగలబడి 11 మంది చనిపోతే, ‘బీహారు కూలీలు’ అని రాసి ఊరుకున్నాం. వాళ్లంతా వరద తరిమితేనే వచ్చారని నేననను. కానీ ఉత్తర బీహార్‌లో మగవాళ్లు ఊళ్లు ఖాళీ చేసి వెళ్లడానికీ, అక్కడి నదులను ప్రభుత్వాలు పాడు చేసిన తీరుకూ సంబంధం లేదని మాత్రం ఎవరూ అనలేరు. ఇక తగాదా సంగతంటారా, 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు రెండు తెలుగు రాష్ట్రాల మంత్రులు పోలవరం పేరు చెప్పి ఒకరినొకరు తిట్టుకున్నారు. ఒక దేశంలోని రెండు రాష్ట్రాలే అలా ఉంటే రెండు దేశాల సంగతి చెప్పేదేముంది?

ముందు గేట్ల సంగతి తేల్చుకుందాం. కోసీ బ్యారేజీ ఉన్నది నేపాల్ భూభాగంలో, సరిహద్దుకు దగ్గరలో. 1954 ఏప్రిల్ 25న రెండు ప్రభుత్వాలు చేసుకున్న ఒప్పందం ప్రకారం దాన్ని కట్టింది భారతదేశం. 1966లో ఆ ఒప్పందాన్ని సవరించినప్పుడు ఆ భూమిని 199 ఏళ్లకు కౌలుకు తీసుకున్నదీ భారతదేశమే. దాని 56 గేట్లనూ ఎత్తేదీ దించేదీ బీహార్ జలవనరుల శాఖ ఇంజనీర్లు. పైగా అది బ్యారేజీయే తప్ప జలాశయం కాదు. నీళ్లు దాచుకుని కక్షకొద్దీ ఒక్కసారిగా వదలడానికి అక్కడ దాచే చోటే లేదు. కోసీ పరీవాహకంలో నేపాల్ కట్టుకున్న పెద్ద జలాశయం ఏదీ లేదు. పక్కనున్న బాగ్మతీ పరీవాహకంలో ఒక ఉపనది మీద, కరెంటు కోసం కట్టిన కులేఖానీ ఒకటుంది. 1982లో పూర్తయింది. దాని నీళ్లు కూడా కరెంటు తీశాక రాప్తీలోకి పోతాయి. మరి నేపాల్ వదిలిందేమిటి? కొండల మీద కురిసిన వాన పల్లానికి వచ్చింది, అంతే.

ఇంత చిన్న విషయం బీహార్ మంత్రులకు తెలియదా? తెలుసు. తప్పు పొరుగు దేశానిదైతే ఇక్కడ ఎవరూ జవాబు చెప్పక్కర్లేదు. కాంట్రాక్టరు చెప్పక్కర్లేదు, ఇంజనీరు చెప్పక్కర్లేదు, బిల్లు మీద సంతకం పెట్టిన మంత్రి అసలే చెప్పక్కర్లేదు. అటువైపు ఖాట్మండులోనూ ఇదే సుఖం. తెరాయి మైదానంలో మధేసీల ఊళ్లు మునిగితే ఇండియా కట్టల మీద నాలుగు మాటలు అనేసి కూర్చోవచ్చు.

2008 ఆగస్టు 18న నేపాల్ సున్సరీ జిల్లా కుసహా దగ్గర కోసీ తూర్పు కట్ట తెగింది. ఆ రోజు నదిలో ఉన్న నీళ్లు రెండు లక్షల క్యూసెక్కులైనా లేవు. ఆ బ్యారేజీ, ఆ కట్టలు 9.5 లక్షల క్యూసెక్కులు తట్టుకోవాలని కట్టినవి. అంటే నది పొంగి కట్ట తెగలేదు, మరమ్మతు లేక తెగింది. నది దాదాపు 120 కిలోమీటర్లు తూర్పుకు జరిగి, ఎప్పుడో వదిలేసిన పాత దారులు పట్టింది. నేపాల్‌లో యాభై వేల మంది దాకా, బీహార్‌లో సుపౌల్, మధేపురా, సహర్సా, అరరియా, పూర్ణియా జిల్లాల్లో ముప్పై లక్షల మంది దాకా దెబ్బతిన్నారు. వరద ఎప్పుడూ ఎరగని ఊళ్లవి. చాలా ఇళ్లలో పడవ అన్నదే లేదు. రిటైర్డు న్యాయమూర్తి రాజేశ్ బాలియాతో విచారణ కమిషన్ వేశారు. నివేదిక చేతికొచ్చేసరికి 2014 అయింది. దాన్ని చదివి ఎవరిని జైల్లో పెట్టారని అడక్కండి.

ఆ మరుసటి చలికాలంలో నేను సుపౌల్ జిల్లాలో కొన్ని ఊళ్లు తిరిగాను. వరి కోసిన పొలాలుండాల్సిన చోట మోకాలి లోతున, కొన్నిచోట్ల నడుము లోతున ఇసుక మేటలు. మాతో మాట్లాడిన ఆడవాళ్లు ఏడవలేదు. ఏడ్చే స్త్రీని ఫోటో తీసుకుపోయే వాళ్లను అప్పటికే చాలామందిని చూశారు. వాళ్లు అడిగింది ఒకటే: దీదీ, జాబితాలో మా పేరెందుకు లేదు? జాబితా అంటే సహాయం అందుకునే కుటుంబాల జాబితా. భర్త పంజాబులో ఉన్నాడు కాబట్టి కుటుంబ పెద్ద లేడు. భర్త వదిలేసిన మనిషి అన్నదమ్ముల ఇంట్లో ఉంది కాబట్టి ఆమెది వేరే కుటుంబం కాదు. అత్తాకోడళ్లకు ఒకే కప్పు కింద రెండు పొయ్యిలున్నా సర్కారు లెక్కలో అది ఒకటే ఇల్లు. 2024 వరదలప్పుడు బీహార్ ప్రభుత్వం కుటుంబానికి 7,000 రూపాయలిచ్చింది. ఈ కుటుంబం అన్న మాటకు అర్థం చెప్పే అధికారం ఇప్పటికీ గుమాస్తా చేతిలోనే, ముఖియా చేతిలోనే ఉంది. వరద అందరినీ సమానంగా ముంచుతుందంటారు. తేల్చేటప్పుడు మాత్రం కులం చూసి, మగదిక్కు చూసి తేలుస్తుంది.

కట్టల కథ ఇంకా పాతది. కోసీ రెండు పక్కలా కట్టలు పోయడం 1955 జనవరిలో మొదలుపెట్టారు. అప్పటికి బీహార్ మొత్తంలో కరకట్టలు 160 కిలోమీటర్లు, వరద ముప్పున్న భూమి 25 లక్షల హెక్టార్లు. కట్టలు పెంచుకుంటూ పోయి 3,700 కిలోమీటర్లు దాటించారు. ముప్పున్న భూమి 68 లక్షల హెక్టార్లు దాటింది. మందు పెరిగేకొద్దీ రోగం పెరిగితే ఏ వైద్యుడైనా ఆ మందు మానేస్తాడు. మన ఇంజనీర్లు మోతాదు పెంచారు. కారణం తెలియనిదేం కాదు. కోసీ ఏటా కోట్ల ఘనపు మీటర్ల ఒండ్రు మోసుకొస్తుంది. పూర్వం అది పొలాల మీద పరుచుకుని పంట పండించేది. రెండు కట్టల మధ్య ఇరికిస్తే అక్కడే పేరుకుని నది అడుగు పైకి లేస్తుంది. కట్టకు బయట ఉన్న పొలమే నదికంటే పల్లమవుతుంది. చిన్న నదులు పెద్ద నదిలో కలిసే దారి లేక బయట నిలవుంటాయి. కట్ట తెగితే వరద, తెగకపోతే ముంపు. ఐఐటీ ఖరగ్‌పూర్‌లో చదివిన ఇంజనీరు దినేశ్ కుమార్ మిశ్రా దీన్ని ఊరూరా తిరిగి లెక్కలతో సహా రాశారు. ఆయన మాటను కాదన్నవాళ్లు లెక్కలతో కాదనలేదు, టెండర్లతో కాదన్నారు.

కట్టకు బయట సంగతి ఇది. రెండు కట్టల లోపల 380 ఊళ్లున్నాయి, దాదాపు పది లక్షల మంది మనుషులున్నారు. దేశం బాగు కోసం ఓర్చుకోండి, పునరావాసం ఇస్తాం అని 1950లలో చెప్పిన మాట అలాగే ఉండిపోయింది. నది దారి మార్చుకున్నప్పుడల్లా వీళ్లు ఇల్లు విప్పుకుని, వెదుళ్లు తడికెలు నెత్తిన పెట్టుకుని ఇంకో దిబ్బకు వెళ్తారు. పదిసార్లు పైగా కదిలిన కుటుంబాలున్నాయి. కదిలించేదెవరు? మగవాడు ఢిల్లీలోనో లూధియానాలోనో హైదరాబాదులోనో ఉంటాడు. గింజలు పైకెత్తి కట్టేది, మేకల్ని పడవెక్కించేది, ముసలివాళ్లను మోసేది, మంచె మీద పొయ్యి వెలిగించేది ఆమే. చేతిపంపు మునిగిపోతే ఆ వరద నీళ్లే గుడ్డలో వడగట్టి తాగుతారు. చీకటి పడేదాకా బహిర్భూమికి వెళ్లే వీలుండదు కాబట్టి ఆడవాళ్లు పగలంతా నీళ్లు తాగడం, తిండి తినడం తగ్గించేస్తారు. చుట్టూ నీళ్లే ఉన్న చోట దాహంతో ఉండే స్త్రీలు! బహిష్టు రోజుల్లో కట్ట మీద, ఒక ప్లాస్టిక్ పట్టా కింద, మూడు కుటుంబాల మగవాళ్ల మధ్య ఎలా గడుస్తుందో మనకు మనమే ఊహించుకోవాలి. ఏ సహాయక కమిషనరు నివేదికలోనూ ఆ అధ్యాయం ఉండదు. నొప్పులొస్తే పడవ దొరకాలి, పడవ దొరికితే ఆస్పత్రి దాకా నదిలో నీళ్లుండాలి. ఎండాకాలమైతే ఇసుకలో మంచం మీద మోసుకుపోవాలి.

నది కింద ఉన్న పొలానికి శిస్తు వసూలు చేశారని చెబితే మన వాళ్లు నమ్మరు. కోసీ నవనిర్మాణ్ మంచ్ లాంటి సంఘాలు శిస్తు రద్దు కోసం ఏళ్ల తరబడి కొట్లాడుతున్నాయి. 2024లో బీహార్‌లో భూసర్వే మొదలయ్యాక ఇంకో భయం పట్టుకుంది. సర్వే రోజున నది పారుతున్న నేలను సర్కారు భూమిగా రాసేస్తారేమోనని. ఆ సర్వేలోనే వంశావళి రాసివ్వాలి. అందులో కూతుళ్ల పేర్లు, అక్కచెల్లెళ్ల పేర్లు రాయాలా వద్దా అని ఇంటింటా తగాదా. భూమి నది పాలైతే ఆ నష్టంలో ఆడవాళ్లకు పూర్తి వాటా. భూమి తేలితే కాగితంలో వాళ్ల పేరు కూడా ఉండకూడదు. 2005లో హిందూ వారసత్వ చట్టం సవరించి ఇరవై ఏళ్లయింది.

ఇప్పుడు మురుగు సంగతి. వరద గురించి మాట్లాడేవాళ్లు మురుగు గురించి మాట్లాడరు, మురుగు గురించి మాట్లాడేవాళ్లు వరద గురించి మాట్లాడరు. వేరు వేరు శాఖలు, వేరు వేరు నిధులు. నదికి ఆ తేడా తెలియదు. బాగ్మతీని చూడండి. ఖాట్మండుకు ఉత్తరాన శివపురి కొండ మీద బాగ్‌ద్వార్‌లో పుట్టి, పశుపతినాథ్ గుడి మెట్లు తాకి, లోయ దాటి, తెరాయిలో దిగి, సీతామఢీ జిల్లా ఢేంగ్ దగ్గర బీహార్‌లోకి వస్తుంది. చివరకు ఖగడియా జిల్లాలో కోసీలో కలుస్తుంది. పైన రాజధాని మురుగంతా అందులోనే. 1990లలో తివాచీల ఎగుమతి జోరుగా సాగినప్పుడు ఉన్ని కడిగిన నీళ్లు, అద్దకం రంగులు అందులోనే పోశారు. ఆ తివాచీలు నేసిన వేళ్లలో ఎక్కువ భాగం స్త్రీలవీ పిల్లలవీ అన్నది మనకు తెలిసిందే. డాలర్లు వచ్చినప్పుడు అది అభివృద్ధి అయింది, నది నల్లబడినప్పుడు అది ‘ప్రజల్లో అవగాహనా లోపం’ అయింది.

ఒక్క ఉదాహరణ చెబితే పాలకుల బుద్ధి అర్థమవుతుంది. 2000ల మొదట్లో గుడికి ఎగువన గుహ్యేశ్వరి దగ్గర మురుగు శుద్ధి కేంద్రం కట్టారు. దానితోపాటు ఒక సొరంగం కూడా తవ్వారు. ఎందుకంటే మురుగును గుడి ముందు కనబడకుండా దాటించి, దిగువన తిలగంగ దగ్గర మళ్లీ నదిలో వదలడానికి. దేవుడి దాకా శుభ్రం, ఆ తర్వాత ఎవరి ఖర్మ వాళ్లది! దిగువన ఉన్నవాళ్లూ భక్తులే కదా అని ఎవరికీ తోచలేదు.

భాద్రపద శుద్ధ పంచమినాడు, ఋషిపంచమికి, నేపాలీ స్త్రీలు నదిలో స్నానం చేస్తారు. మన దగ్గరా ఈ నోము ఉంది, ఉత్తరేణి పుల్లలతో పళ్లు తోముకోవడం అక్కడా ఉంది. ఎందుకీ స్నానం? బహిష్టు సమయంలో తెలియక చేసిన దోషాలు పోవడానికట. లక్షల మంది మలం, ఫ్యాక్టరీల రంగు, ఆస్పత్రుల చెత్త కలిసిన నీళ్లలో ఆడవాళ్లు మునిగి తమ ‘మైల’ కడుక్కోవాలి! మైల ఎవరిది? నదిని ఇలా చేసినవాళ్లకు ఏ పంచమీ లేదు, ఏ ప్రాయశ్చిత్తమూ లేదు. ఇక్కడ రక్సౌల్‌లో ఇదే ఇంకో రూపంలో ఉంది. నేపాల్ బారా, పర్సా జిల్లాల పారిశ్రామిక వాడ నుంచి సిర్సియా నది నల్లగా కంపు కొడుతూ సరిహద్దు దాటి రక్సౌల్‌లోకి వస్తుంది. ఛఠ్ పండగకు ఆడవాళ్లు ముప్పై ఆరు గంటలు పచ్చి నీళ్లు ముట్టకుండా ఉండి, నదిలో నిలబడి సూర్యుడికి అర్ఘ్యం ఇవ్వాలి. ఆ నీళ్లలో నిలబడితే ఒళ్లంతా దురద అని వాళ్లు చెబుతూనే ఉన్నారు. భక్తిని పొగిడే నాయకులు ఘాట్‌కు రంగు దీపాలు కడతారు, నీటి ఊసెత్తరు.

ఇక్కడ కూడా నేపాల్‌దే తప్పు అని లేవకండి. సీతామఢీలో బాగ్మతీ ఉపనది మనుస్‌మారాను ఏళ్ల తరబడి పాడుచేసింది మన దేశపు చక్కెర మిల్లు. ఆ నల్లనీళ్లు కట్టలు అడ్డమై బయటికి పోలేక పొలాల్లో నిలిచిపోయాయి. మురుగూ ముంపూ కలిస్తే ఏమవుతుందో చూడాలంటే అక్కడికి వెళ్లాలి. వరద ఒండ్రు ఎరువయ్యే రోజులు పోయి, వరద రోగమయ్యే రోజులు వచ్చాయి.

2013 మే నుంచి ఖాట్మండులో శనివారం శనివారం జనం దిగి బాగ్మతీలోంచి చెత్త ఎత్తారు. మంచి పనే, ఎత్తినవాళ్లను నేను తక్కువ చేయను. కానీ చేత్తో ఎత్తగలిగిన చెత్త వేరు, గొట్టంలోంచి రాత్రీ పగలూ వచ్చే మురుగు వేరు. శుద్ధి అన్న మాట వినబడగానే ప్రభుత్వం ముందు చేసే పని ఒడ్డున ఉన్న పేదలను లేపడం. 2012 మే 8న థాపాథలీ ఒడ్డున రెండు వందలకు పైగా గుడిసెలను బుల్డోజర్లతో కూల్చారు. గుడిసెల వాళ్ల మలం కనబడింది, బంగళాల గొట్టాలు కనబడలేదు. 2024లో మూసీ ఒడ్డున ఇళ్లకు ఎర్ర గుర్తులు వేసి కూల్చినప్పుడు మన హైదరాబాదులో విన్న మాటలే అవి: నది ఊపిరి తీసుకోవాలి, నగరం అందంగా ఉండాలి. నదిని ఊపిరాడకుండా చేసిన ఫ్యాక్టరీలకూ కాలనీలకూ ఆ తొందర తగల్లేదు. 2024 సెప్టెంబర్ చివరి వారంలో ఖాట్మండు లోయలో కుండపోత కురిసి బాగ్మతీ తన ఒడ్డును తిరిగి తీసుకుంది. నేపాల్ మొత్తం మీద రెండు వందల మందికి పైగా చనిపోయారు. రెండు రోజులకే ఆ నీళ్లు సీతామఢీలో కట్టలు తెంచాయి. కోసీ బ్యారేజీ దగ్గర 6.61 లక్షల క్యూసెక్కులు వచ్చాయి, 1968 తర్వాత అంత ఎప్పుడూ రాలేదు. మళ్లీ పాట్నాలో అదే మాట మొదలు - నేపాల్ నీళ్లు వదిలింది.

ఒప్పందాలేమంటున్నాయి? కోసీకి 1954, గండక్‌కు 1959, మహాకాళికి 1996. బాగ్మతీకి అసలు ఒప్పందమే లేదు. కోసీ ఒప్పందంలో వరద అదుపు, సాగునీరు, కరెంటు ఉన్నాయి. మురుగు లేదు. స్త్రీలు లేరని వేరే చెప్పాలా? 1997 మే 21న ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ నదుల ఒడంబడికను ఆమోదించింది. పొరుగువాడికి పెద్ద హాని చేయకూడదు, సమాచారం ఇచ్చిపుచ్చుకోవాలి అన్న మామూలు ధర్మం అందులో ఉంది. నేపాల్ అనుకూలంగా ఓటేసింది, భారతదేశం తటస్థంగా ఉంది. ఒడంబడిక 2014లో అమల్లోకి వచ్చింది. రెండు దేశాలూ దానిలో చేరలేదు. ఎగువన చైనా ఉన్నప్పుడు కిందివాడి హక్కులు మాట్లాడే భారతదేశం, ఎగువన నేపాల్ ఉన్నప్పుడు పెద్దన్న అవుతుంది. నేపాల్ పాలకులు ఆ పెద్దన్న మీద కోపాన్ని ఎన్నికల్లో వాడుకుంటారు, తెరాయిలో మునిగిన ఊళ్లకు మాత్రం ఖాట్మండు కూడా పెద్దన్నే.

ఇరు దేశాల అధికారుల జాయింట్ కమిటీలు చాలానే ఉన్నాయి. బీహార్ 2006లోనే పంచాయతీల్లో స్త్రీలకు సగం సీట్లిచ్చింది, దేశంలో మొదటి రాష్ట్రం. నేపాల్‌లో 2017 స్థానిక ఎన్నికల నుంచి ప్రతి వార్డులో ఒక స్త్రీ, ఒక దళిత స్త్రీ సభ్యులుగా ఉండాలి. అంటే నదికి రెండు వైపులా ఎన్నికైన స్త్రీలు వేలమంది ఉన్నారు. నది గురించి మాట్లాడే బల్ల దగ్గర వీళ్లకు కుర్చీ ఏది? నదిని ఢిల్లీ, ఖాట్మండు ఇంజనీర్ల భాషలో తప్ప ఇంకో భాషలో మాట్లాడకూడదా?

ఈ సరిహద్దు గురించి మాట్లాడేటప్పుడు పెద్దమనుషులు ఒక మాట గర్వంగా వాడతారు: మాది రోటీ-బేటీ సంబంధం అని. అంటే రొట్టె పంచుకుంటాం, ఆడపిల్లను ఇచ్చిపుచ్చుకుంటాం. విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. రొట్టె పక్కన పెట్టి ఇచ్చేది మనిషిని! నిజమే, సరిహద్దు ఊళ్లలో పుట్టిల్లు అటు, అత్తిల్లు ఇటు ఉన్న స్త్రీలు ఎందరో. కానీ ఇక్కడినుంచి అటు కోడలిగా వెళ్లిన స్త్రీ అంగీకృత పౌరురాలే తప్ప పూర్తి పౌరురాలు కాదు. నేపాల్ 2015 రాజ్యాంగం ఆమెను కొన్ని ఉన్నత పదవులకు అనర్హురాలిని చేసింది. ఎగువ ఊళ్లో అన్నకు, దిగువ ఊళ్లో మొగుడికి ఫోను చేసి నీళ్లెంత వచ్చాయో చెప్పుకునేది ఆమె. రెండు దేశాలనూ నిజంగా కలిపి ఉంచిన మనిషిని రెండు దేశాలూ అనుమానంగా చూస్తాయి. వరద తర్వాత పెళ్లి పేరు చెప్పి, పని పేరు చెప్పి ఆడపిల్లల్ని తీసుకుపోయే దళారులకు మాత్రం ఏ అనుమానమూ అడ్డం రాదు.

మన స్వచ్ఛంద సంస్థల మాట కూడా చెప్పాలి, కోపం వచ్చినా సరే. ప్రాజెక్టు కాగితంలో ‘జెండర్’ అనే గడి ఒకటుంటుంది. అందులో సబ్బు, గుడ్డలు, టార్చిలైటు పెట్టిన సంచీ రాస్తాం. ఆ సంచీ అక్కర్లేదని అనను, వరదలో అది ప్రాణం. కానీ పదిహేనేళ్లుగా సంచీలు పంచుతూ, ఆ కట్ట ఎందుకు తెగిందని ఒక్కసారీ అడగకపోతే మనం కాంట్రాక్టరుకు మిగిలిన పని చేసిపెడుతున్నట్టే. పెద్ద హోటళ్లలో ‘నదీజల సహకారం’ మీద సదస్సులు జరుగుతాయి. కట్ట మీద ఉన్న స్త్రీ అక్కడ ఒక ఫోటోగా గోడకు ఉంటుంది.

డబ్బు, పెద్ద మాటలు అక్కర్లేకుండా జరిగిన పని ఒకటుంది. నేపాల్ మహోత్తరీ జిల్లా నుంచి సీతామఢీకి వచ్చే రాతూ నది మీద, ఐసిమోడ్ సంస్థ సాయంతో ఎగువన నీటిమట్టం చూసే చిన్న పరికరం పెట్టారు. నీళ్లు పెరిగితే అక్కడి మనిషి దిగువ ఊళ్లకు ఫోను చేసి చెబుతాడు. అంతే. పొలంలో ఉన్నవాళ్లు ఇంటికి చేరడానికి, గింజలు పైకెత్తడానికి కొన్ని గంటలు దొరుకుతాయి. ఈ కబురు ఢిల్లీ నుంచి పాట్నాకు, పాట్నా నుంచి జిల్లాకు, జిల్లా నుంచి బ్లాకుకు వచ్చేసరికి ఊరు మునిగిపోయి ఉంటుంది. ప్రతి ఉపనది మీదా ఇలాంటిది పెట్టడానికి ఎంతవుతుంది? ఒక కిలోమీటరు కట్టకు అయ్యేదానికంటే ఎక్కువ కాదని నా నమ్మకం.

దానికి బదులు బారాహక్షేత్ర దగ్గర 269 మీటర్ల ఎత్తున కోసీ ఆనకట్ట అంటున్నారు. 2004లో దానికోసం సంయుక్త కార్యాలయం పెట్టారు. 1934 భూకంపం బీహార్‌ను, నేపాల్‌ను నేలమట్టం చేసిన చోటుకు దగ్గరలో, ఇంత ఒండ్రు మోసే నది మీద అంత ఆనకట్ట! కొండల్లో మునిగే ఊళ్ల స్త్రీలను అడిగారా? 2025 మార్చిలో కేంద్రం 6,282 కోట్ల కోసీ-మేచీ కాలువకు ఆమోదం ఇచ్చింది, వరద తగ్గుతుందని కూడా ప్రచారం చేశారు. దాంతో అదనంగా మళ్లేది ఐదు వేల చిల్లర క్యూసెక్కులు. 2024లో వచ్చినవి 6.61 లక్షలు. కూడికలు తీసివేతలు వచ్చిన ఏ పొదుపు సంఘం అక్కయ్యనడిగినా చెబుతుంది.

కట్ట వద్దని చెప్పే ధైర్యం జనానికుంది. ముజఫర్‌పుర్ జిల్లాలో బాగ్మతీ కొత్త కట్టలను 2012 నుంచి రైతులు అడ్డుకున్నారు. ఆ పోరాటాల సభల్లో ముందు వరసలో ఆడవాళ్లుంటారు, వేదిక మీద మగవాళ్లుంటారు. దాన్నీ మనం అడగాలి.

మనం అడగవలసినవి చాలా ఉన్నాయి కానీ కొన్ని వెంటనే అడగాలి. బాగ్మతీకి ఒప్పందం కావాలి, అందులో మురుగు గురించి ఉండాలి, రెండు ప్రభుత్వాలూ కొలిచిన లెక్కలు మైథిలీ, భోజ్‌పురి, బజ్జికా, నేపాలీ మాట్లాడే ఊళ్లకు వాళ్ల భాషలో చేరాలి. వరద సహాయానికి లెక్క కుటుంబం కాకూడదు, ప్రతి పెద్ద మనిషీ కావాలి. డబ్బు స్త్రీ ఖాతాలో ఆమె పేరునే పడాలి. కట్టల లోపలి భూమి నది కింద ఉన్నా హక్కు పోకూడదు, పట్టాలో భార్య పేరుండాలి. కొత్త కట్ట వేయాలంటే ముందు పాత కట్టల లెక్క చెప్పాలి. జాయింట్ కమిటీల్లో సరిహద్దు జిల్లాల స్త్రీ ప్రతినిధులు సభ్యులుగా ఉండాలి, అతిథులుగా కాదు.

ఇక మన ఇంటి పని. మీ జిల్లాలో ఇటుక బట్టీల్లో, మిల్లుల్లో, కోళ్ల ఫారాల్లో, హోటళ్లలో బీహారు, నేపాలీ కుటుంబాలు ఉండే ఉంటాయి. వాళ్లలో స్త్రీలతో కూర్చుని మాట్లాడండి. ఊరి పేరు, నది పేరు, ఏ ఏడాది ఇల్లు పోయింది, భూమి ఎవరి పేరున ఉండేది, సహాయం జాబితాలో పేరు వచ్చిందా లేదా, ఊళ్లో మిగిలిన ఆడవాళ్లు ఎవరు - ఇవి అడిగి రాసి పంపండి. మనుషుల పేర్లు మార్చి రాయండి, నది పేరు మాత్రం మార్చకండి.